గాలివాలు చూసుకుని బండెక్కాలి

సముద్రతీరం అంటే మన అనుభవంలో ఉక్కపోత. విశాఖలో గానీ మచిలీపట్నంలో గానీ మే నెల మధ్యాహ్నం చొక్కా ఒంటికి అంటుకుపోతుంది. సాయంత్రం గాలి తిరిగితే తప్ప ప్రాణం కుదుటపడదు. అదే లెక్కన జులైలో కాలిఫోర్నియా తీరం వెంట మోటార్‌సైకిల్ యాత్రకు పలచటి బట్టలు సర్దుకునేవాళ్లకు మొదటి రోజే ఒక చిక్కుముడి ఎదురవుతుంది. పసిఫిక్ ఒడ్డున ఉన్న కేంబ్రియా ఊళ్లో నడివేసవి మధ్యాహ్నం ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కలే ఆగిపోతుంది. తెల్లవారుజామున అయితే పొగమంచు, వణికించే చలి. అక్కడి నుంచి నేరుగా కొలిస్తే 40 కిలోమీటర్లు కూడా లేని పాసో రోబుల్స్‌లో మాత్రం అదే రోజు 33 డిగ్రీలు దాటిన ఎండ కాస్తుంటుంది. అక్షాంశం దాదాపు ఒకటే, రెండు ఊళ్ల మధ్య ఉన్నది ఒక కొండల వరస మాత్రమే. అయినా ఒక ఊళ్లో స్వెట్టరు, ఇంకో ఊళ్లో చెమట.

ఈ తేడా ఎందుకొచ్చిందో తేల్చడం వాతావరణ శాస్త్రజ్ఞుల పని, బండి నడిపేవాడికి ఎందుకని అనిపించవచ్చు. నా అభిప్రాయం దీనికి పూర్తిగా వ్యతిరేకం. తీరం వెంట సాగే దూరప్రయాణాన్ని మనం సాధారణంగా పటం ముందు పెట్టుకుని తయారుచేసుకుంటాం. రోజుకు ఎన్ని కిలోమీటర్లు, రాత్రి బస ఎక్కడ, చూడాల్సిన చోట్లు ఏవి అన్న వరసలో ఆలోచన సాగుతుంది. కారులో వెళ్లేవాళ్లకు అది చాలు. బైకు మీద వెళ్లేవాళ్లకు చాలదు. కారుకు అద్దాలున్నాయి, బైకు మీద మనిషి గాలిలోనే కూర్చుని ఉంటాడు. అందుకే ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు వెళ్లాలి, ఏ నెలలో వెళ్లాలి, పొద్దున ఎన్నింటికి బయల్దేరాలి అన్న మూడు ప్రశ్నలకూ జవాబు పటంలో దొరకదు, గాలిలోనూ నీటిలోనూ దొరుకుతుంది. ఆ జవాబులు మూడూ ఒకే కారణం నుంచి పుట్టినవి కావడం ఇందులో అసలు విశేషం.

ఉదాహరణగా కాలిఫోర్నియా రాష్ట్ర రహదారి 1ని తీసుకుందాం. ఉత్తరాన లెగెట్ నుంచి దక్షిణాన డేనా పాయింట్ వరకు సుమారు 1,055 కిలోమీటర్ల దారి ఇది. అందులో ప్రపంచమంతా చెప్పుకునే భాగం కార్మెల్ నుంచి శాన్ సిమియన్ వరకు ఉన్న 145 కిలోమీటర్ల బిగ్ సర్ తీరం. శాంటా లూసియా కొండలు అక్కడ నేరుగా సముద్రంలోంచి లేస్తాయి. కోన్ పీక్ అనే శిఖరం నీటి అంచుకు అయిదు కిలోమీటర్ల దూరంలోనే 1,571 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. ఆ వాలు మీద దారి తొలిచి 1937లో రాకపోకలకు తెరిచారు. ఫొటోల్లో అందరూ చూసే బిక్స్‌బీ వంతెన అంతకు అయిదేళ్ల ముందే, 1932లో పూర్తయింది. శాన్ హోసే, ఫ్రీమాంట్, సన్నీవేల్ లాంటి ఊళ్లలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఇది వారాంతపు దూరంలో ఉన్న తీరం. ఇక్కడి నుంచి పిల్లలను చూడటానికి వెళ్లే తల్లిదండ్రులకూ ఈ దారి పరిచయమే.

వేసవిలో సముద్రం ఎందుకు చల్లబడుతుంది?

అల్పపీడనం అన్న మాట మనకు కొత్త కాదు. బంగాళాఖాతంలో అది ఏర్పడిందని రేడియో చెప్పగానే వాన వస్తుందని పల్లెల్లో కూడా తెలుసు. కాలిఫోర్నియా వేసవిలో కూడా ఒక అల్పపీడనం ఏర్పడుతుంది గానీ, అది నేల మీద, చుక్క వాన లేకుండా. కొండలకు అవతల ఉన్న విశాలమైన సెంట్రల్ వ్యాలీ ఎండకు కాలిపోతుంది. వేడెక్కిన గాలి తేలికై పైకి లేస్తుంది, కింద పీడనం పడిపోతుంది. అదే సమయంలో హవాయి దీవులకూ అమెరికా తీరానికీ మధ్య పసిఫిక్ మీద ఒక పెద్ద అధిక పీడన మండలం బలంగా కూర్చుని ఉంటుంది. ఎక్కువ పీడనం నుంచి తక్కువ పీడనం వైపు గాలి కదలాలి. అయితే భూమి తన చుట్టూ తాను తిరుగుతున్నందువల్ల ఉత్తరార్ధగోళంలో కదిలే గాలి కుడివైపుకు మళ్లుతుంది, అధిక పీడనం చుట్టూ గడియారం ముల్లు తిరిగే దిశలో తిరుగుతుంది. తీరపు కొండలు అడ్డుగోడలా నిలబడటంతో ఆ గాలి లోపలికి చొరబడలేక తీరం వెంబడే వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగిపోతుంది. వసంతం నుంచి వేసవి వరకు రోజుల తరబడి, వారాల తరబడి ఇదే గాలి. మధ్యాహ్నం లోపలి నేల బాగా కాలినకొద్దీ దీని జోరు పెరుగుతుంది. పాయింట్ సర్ లాంటి అగ్రాల దగ్గర ఇది ఇంకా వేగం పుంజుకుంటుంది.

ఇక నీటి సంగతి. తీరానికి సమాంతరంగా దక్షిణం వైపు వీచే గాలి తన కింద ఉన్న నీటిని కూడా తోస్తుంది. ఆ నీరు గాలి పోయిన వైపే పోతుందనుకుంటాం. పోదు. భూభ్రమణం నీటిని కూడా కుడివైపుకు మళ్లిస్తుంది. నార్వే అన్వేషకుడు నాన్సెన్ 1893-96 మధ్య ఫ్రామ్ నౌకలో ఆర్కిటిక్ మంచులో చిక్కి ప్రయాణిస్తున్నప్పుడు, మంచుపలకలు గాలి దిశలో కాకుండా దానికి కుడిగా జరుగుతున్నాయని గమనించాడు. ఆ గమనింపు ఆధారంగా స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఎక్‌మన్ 1905లో దానికి లెక్క కట్టాడు. పైపొర నీరంతా కలిపి చూస్తే గాలికి లంబంగా కుడివైపుకు కదులుతుందని తేల్చాడు. కాలిఫోర్నియాలో దక్షిణానికి వీచే గాలికి కుడివైపు అంటే పడమర, అంటే నడిసముద్రం. తీరం దగ్గర ఎండకు కాస్త వేడెక్కిన పైపొర అలా దూరంగా జరిగిపోతుంటే, ఆ ఖాళీని నింపడానికి అడుగు నుంచి చల్లని నీరు పైకి వస్తుంది. అందుకే ఎండలు పెరిగే నెలల్లోనే బిగ్ సర్ పక్కన నీరు 10 నుంచి 13 డిగ్రీల దగ్గర ఉంటుంది. అడుగు నీటితో పాటు పోషకాలూ పైకొస్తాయి. యాత్రికులు దారి పొడవునా ఆగి చూసే జీవసంపదలో చాలా భాగానికి ఆధారం ఈ చల్లని నీరే.

పొగమంచు ఎందుకు తొలగిపోదు?

ఆ చల్లని నీటిని తాకే గాలి చల్లబడి, అందులోని తేమ సన్నని బిందువులై పొగమంచుగా మారుతుంది. ఇంతవరకు సులభమే. అయితే అది పైకి లేచి చెదిరిపోకుండా రోజుల తరబడి తీరాన్నే ఎందుకు పట్టుకుని ఉంటుంది? పసిఫిక్ మీది అధిక పీడనంలో గాలి పైనుంచి కిందికి నెమ్మదిగా దిగుతూ ఉంటుంది. దిగే గాలి నొక్కుకుపోయి వేడెక్కుతుంది, పొడిబారుతుంది. కింద కొన్ని వందల మీటర్ల మందాన చల్లని, తడి గాలి పొర. దాని పైన వెచ్చని, పొడి గాలి. చల్లని గాలి బరువైనది కాబట్టి పైకి లేవలేదు, వెచ్చనిది తేలిక కాబట్టి కిందికి దిగి కలవలేదు. అన్నం గిన్నె మీద మూత ఆవిరిని ఆపినట్టు ఆ వెచ్చని పొర పొగమంచును కింద అదిమి ఉంచుతుంది. మూత ఎత్తు కన్నా కొండలు ఎత్తు. అందుకే పొగమంచు కొండ దాటి పాసో రోబుల్స్‌కు పోలేదు, ఎక్కడో ఒక లోయ దొరికితే తప్ప. కొండెక్కే పక్కదారిలో కొన్ని వందల మీటర్లు పైకి వెళ్తే చాలు, పొగమంచు కాళ్ల కింద ఉండిపోయి, గాలి ఒక్కసారిగా వెచ్చబడుతుంది. కొండెక్కితే చలి పెరుగుతుందన్న మన అరకు అనుభవం ఇక్కడ తలకిందులవుతుంది.

పొద్దెక్కి నేల కాగినకొద్దీ పొగమంచు అంచుల నుంచి కరగడం మొదలవుతుంది. చాలా రోజుల్లో పది, పదకొండు గంటలకు దారి కనిపిస్తుంది. కొన్ని రోజుల్లో అసలు కనిపించదు. దారి వెంట రెడ్‌వుడ్ చెట్లున్న లోయల్లో మరో తిరకాసు ఉంది. వాటి సన్నని ఆకులు పొగమంచులోని బిందువులను పట్టి నేల మీదికి రాలుస్తాయి. ఉత్తర కాలిఫోర్నియా రెడ్‌వుడ్ అడవుల్లో టాడ్ డాసన్ జరిపి 1998లో ప్రచురించిన అధ్యయనంలో ఏడాదిలో అడవికి అందే నీటిలో మూడో వంతు దాకా ఇలా పొగమంచు నుంచే వస్తోందని తేలింది. బండి నడిపేవాడికి దీని అర్థం ఒకటే. నెలరోజులుగా చినుకు పడకపోయినా, ఎండలో పొడిగా ఉన్న దారి మీద మలుపు తిరగ్గానే చెట్ల నీడలో తడి తారు ఎదురుకావచ్చు.

బాక్సు: థర్మామీటర్ చెప్పని చలి

నిశ్చలమైన గాలిలో మన ఒంటి చుట్టూ పలచటి వెచ్చని పొర ఒకటి ఏర్పడుతుంది. గాలి వీస్తే ఆ పొర కొట్టుకుపోతుంది, శరీరం మళ్లీ దాన్ని వేడిచేసుకోవాలి. అమెరికా, కెనడా 2001 నుంచి వాడుతున్న చలిగాలి సూచిక ప్రకారం, 10 డిగ్రీల గాలి గంటకు 80 కిలోమీటర్ల వేగంతో తగిలితే చర్మానికి దాదాపు 4 డిగ్రీల చలిలా ఉంటుంది. ఈ సూచిక 10 డిగ్రీలు, అంతకన్నా తక్కువ ఉష్ణోగ్రతలకే వర్తిస్తుంది. పొడి చర్మాన్ని లెక్కలోకి తీసుకుని తయారుచేశారు. పొగమంచుకు తడిసిన గ్లౌజులూ జాకెట్టూ వేసుకున్నవాడి పరిస్థితి ఇంకా కష్టం, ఎందుకంటే నీరు ఆవిరయ్యేటప్పుడు కూడా ఒంటి నుంచే వేడిని తీసుకుంటుంది. చలి పెరిగితే శరీరం గుండెను, మెదడును కాపాడుకోవడానికి చేతులకు రక్తప్రసారం తగ్గిస్తుంది. వేళ్లు మొద్దుబారతాయి. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. బ్రేకు లివర్ మీద వేళ్లు బిగియడం అర సెకను ఆలస్యమైతే 11 మీటర్లు అదనంగా దాటిపోయినట్టే.

ఉత్తరం నుంచి దక్షిణానికే ఎందుకు?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. శాన్ ఫ్రాన్సిస్కో నుంచి లాస్ ఏంజెలిస్‌కు వెళ్లాలా, లాస్ ఏంజెలిస్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు రావాలా? దూరం ఒకటే, దారి ఒకటే, అందాలు ఒకటే. అయినా గాలి లెక్కలో రెండూ ఒకటి కావు. బండిని వెనక్కి లాగే గాలి నిరోధం, బండికీ గాలికీ మధ్య ఉన్న వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండికి 40 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే, బండి దృష్టిలో గాలి 120 కిలోమీటర్ల వేగంతో వస్తున్నట్టు. నిరోధం రెండింతలు దాటి రెండుంపావు రెట్లవుతుంది. అదే 40 కిలోమీటర్ల గాలి వెనుక నుంచి వీస్తే తగిలే గాలి 40 కిలోమీటర్లే, నిరోధం నాలుగో వంతుకు పడిపోతుంది. ఒకే దారి, ఒకే రోజు, ఒకే వేగం. ఉత్తరానికి వెళ్లేవాడు దక్షిణానికి వెళ్లేవాడికి తొమ్మిదింతల గాలి నిరోధాన్ని ఈదుతున్నాడు. ఇంత గాలి రోజంతా ఉండదు, టైర్ల రాపిడి లాంటి మిగతా నిరోధాలు మారవు కాబట్టి పెట్రోలు ఖర్చు తొమ్మిదింతలేమీ కాదు. అయినా తేడా ట్యాంకులో కనిపిస్తుంది. బిగ్ సర్ పొడవునా పెట్రోలు బంకులు వేళ్ల మీద లెక్కపెట్టదగ్గవే, ధరలు కూడా బాగా ఎక్కువ. అంతకన్నా పెద్ద తేడా మనిషిలో. ఎదురుగాలిలో ఛాతీ మీద, మెడ మీద పడే ఒత్తిడి, హెల్మెట్‌లో హోరు గంటలు గడిచేకొద్దీ అలసటగా మారి, చివరి యాభై కిలోమీటర్లలో మలుపుల అంచనాను తప్పిస్తాయి.

రెండో కారణం గాలిది కాదు, రోడ్డుది. అమెరికాలో బండ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి. సముద్రం పడమరన ఉంది. దక్షిణానికి వెళ్లేవాడికి పడమర కుడిచేతి వైపు, అంటే సముద్రం పక్క వరస అతనిదే. దృశ్యం బాగా కనిపిస్తుందని చాలామంది చెప్పే కారణం ఇదే గానీ, అసలు లాభం భద్రతలో ఉంది. ఆగి చూసే చోట్లు ఎక్కువ భాగం సముద్రం వైపే ఉన్నాయి. దక్షిణానికి వెళ్లేవాడు కుడివైపుకు సునాయాసంగా జరిగి ఆగుతాడు, తిరిగి తన వరసలోనే కలుస్తాడు. ఉత్తరానికి వెళ్లేవాడు ప్రతిసారీ రోడ్డు మధ్య దాదాపు నిలబడిపోయి, ఎదుటి వరస దాటి ఎడమకు తిరగాలి. వెనుక మలుపులోంచి వచ్చే కారు అతన్ని చివరి క్షణందాకా చూడకపోవచ్చు. మోటార్‌సైకిల్ అన్నది ఇతర డ్రైవర్ల కంటికి ఎంత తేలిగ్గా ఆనకుండా పోతుందో 1981లో వెలువడిన హర్ట్ నివేదిక చెప్పింది. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలిస్ ప్రాంతంలో 900 ప్రమాదాలను ఘటనాస్థలంలోనే పరిశీలించింది. మరో వాహనంతో జరిగిన ప్రమాదాల్లో మూడింట రెండు వంతుల్లో తప్పు అవతలి డ్రైవరుదేనని, మోటార్‌సైకిల్‌కు ఇవ్వాల్సిన దారి ఇవ్వకపోవడమే కారణమని తేల్చింది. ఎదుటి వాహనాల దారికి అడ్డంగా తిరిగే సందర్భాలను ప్రయాణం మొత్తంలో ఎంత తగ్గించుకుంటే అంత మంచిది. దిశను ఎంచుకోవడం అందుకు ఏ ఖర్చూ లేని మార్గం.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. దక్షిణానికి వెళ్తే మధ్యాహ్నం సూర్యుడు ఎదురుగా, కాస్త కుడిగా ఉంటాడు. శరదృతువులో పొద్దు దక్షిణానికి వాలినకొద్దీ కళ్లలో పడే వెలుగు ఎక్కువవుతుంది. ఇది నిజమైన లోపం. దీనికి విరుగుడు దిశ మార్చడం కాదు, సాయంత్రం వెలుగు ఏటవాలుగా మారే లోపే ఆ రోజు ప్రయాణం ముగించడం. సముద్రం పక్క వరస అంటే లోయ అంచు పక్క వరస కదా, భయం కాదా అని ఇంకొందరు అడుగుతారు. అంచు దగ్గర ఉండటం తనంతట తాను ప్రమాదం కాదు, కన్ను రోడ్డు మీది నుంచి మళ్లడం ప్రమాదం. బండి కన్ను చూసిన వైపే పోతుంది. దృశ్యాన్ని బండి ఆపుకునే చూడాలి, నడుపుతూ కాదు. ఆగడం తేలికైన వరసలో ఉన్నవాడే ఆ నియమాన్ని పాటించగలడు.

మూడో అభ్యంతరం పక్కగాలి. దీన్ని కాస్త దగ్గరగా చూడాలి. తీరం మొత్తం మీద వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగినా, దారి మాత్రం ప్రతి అగ్రం దగ్గర బయటికి, ప్రతి లోయ దగ్గర లోపలికి వంకలు తిరుగుతుంది. కాబట్టి వెనుకగాలి కాస్తా అడుగడుగునా పక్కగాలిగా మారుతుంది. బిక్స్‌బీ వంతెనకు కాస్త దక్షిణంగా ఉన్న హరికేన్ పాయింట్ ఈ విషయంలో పేరు మోసిన చోటు. పక్కగాలి తగిలినప్పుడు రైడర్ తెలియకుండానే బండిని గాలి వైపు వంచుతాడు, రెండు బలాలూ సరితూగి బండి తిన్నగా పోతుంది. అంతలో కొండ తొలిచిన కోతలోకి దూరగానే గాలి ఆగిపోతుంది. వంపు మాత్రం అలాగే ఉంటుంది, బండి ఇంతసేపు గాలి వచ్చిన వైపుకు ఒక్కసారి జరుగుతుంది. కోత దాటగానే మళ్లీ గాలి కొడుతుంది, ఈసారి అవతలి వైపుకు తోస్తుంది. తగిలే పక్కబలం బండి వేగంతో కూడా పెరుగుతుంది కాబట్టి వేగం తగ్గించడమే మొదటి మందు. హ్యాండిల్‌ను గట్టిగా బిగించి పట్టుకుంటే రైడర్ ఒంటికి తగిలిన ప్రతి కుదుపూ ముందు చక్రానికి చేరుతుంది. మోకాళ్లతో ట్యాంకును అదుముకుని, చేతులు వదులుగా ఉంచి, వరస మధ్యలో నడపాలి. ఈ ఇబ్బంది ఉత్తరానికి వెళ్లేవాడికీ తప్పదు. పైపెచ్చు అతనికి తోడుగా ఎదురుగాలి కూడా ఉంటుంది.

జులై కాదు, సెప్టెంబరు

మాంటెరే అఖాతంలో నీటిని ఏళ్ల తరబడి కొలిచిన టాగె స్కాగ్స్‌బర్గ్ 1936లో ఆ సముద్రానికి మూడు రుతువులున్నాయని రాశాడు. చలికాలం చివర మొదలై వేసవి దాకా అడుగు నీరు పైకొచ్చే చల్లని రుతువు. వేసవి చివర నుంచి అక్టోబరు దాకా ఆ గాలి సడలి, నడిసముద్రపు వెచ్చని నీరు తీరానికి చేరే రుతువు. ఆ తరువాత వానల రుతువు. క్యాలెండరులో వేసవి జూన్ నుంచి ఆగస్టు వరకు కావచ్చు గానీ, తీరానికి వేసవి సెప్టెంబరులో వస్తుంది. శాన్ ఫ్రాన్సిస్కోలో ఏడాదిలో వెచ్చని నెల సెప్టెంబరే. ఆ నెలలో లోపలి లోయలు చల్లబడటం మొదలై పీడనాల మధ్య తేడా తగ్గుతుంది, వాయవ్యపు గాలి జోరు తగ్గుతుంది, పొగమంచు పలచబడుతుంది. వానలు ఇంకా మొదలు కావు. అందుకే సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య వరకు ఉన్న నెల రోజులే బైకు యాత్రకు సరైన సమయమని నా నిశ్చితాభిప్రాయం.

పిల్లల సెలవులు జులైలో ఉంటాయి, ఏం చెయ్యాలని కొందరు అడగవచ్చు. కారు తీసుకోండి, లేదా రోజూ పదకొండు తరువాతే బయల్దేరేలా తక్కువ దూరాలు పెట్టుకోండి. ఏప్రిల్‌లో కొండలు పచ్చగా, పూలతో ఉంటాయి కదా అన్నది ఇంకా బలమైన వాదన. అందం విషయంలో అది నిజం. కానీ గాలి ఉద్ధృతంగా ఉండేది వసంతంలోనే, చలికాలపు వానలకు నానిన కొండలు కదిలేదీ అప్పుడే. సెప్టెంబరు, అక్టోబరుల మీద ఉన్న అసలైన అభ్యంతరం అడవిమంటలు. వేసవంతా ఎండిన పొదలు, అప్పుడప్పుడు లోపలి నుంచి సముద్రం వైపుకు వీచే వేడి పొడిగాలి కలిసి ఆ నెలలను ప్రమాదకరంగా మారుస్తాయి. దీనికి నా దగ్గర తేలికైన సమాధానం లేదు. పొగ కమ్మిన రోజు యాత్ర మానుకోవాల్సిందే. అయితే మంట ఎక్కడుందో, పొగ ఎటు పోతోందో ముందే తెలుస్తుంది, నిర్ణయం మార్చుకునే వ్యవధి ఉంటుంది. మలుపు తిరగ్గానే ముంచుకొచ్చే పొగమంచు ఆ వ్యవధి ఇవ్వదు.

కొండ కూడా కదులుతుంది

గాలి లెక్క సరిగ్గా కుదిరినా దారి ఉండాలి కదా. బిగ్ సర్ కొండల్లో పెద్ద భాగం, ఒకప్పుడు సముద్రపు పలక ఖండం కిందికి దూరుతున్నప్పుడు దాని పైనుంచి గీరుకుపోయి పోగుపడిన రాళ్లు. ఇసుకరాయి, బురదరాయి, మెత్తని సర్పెంటైన్ అన్నీ నలిగి కలగలిసి ఉంటాయి. గట్టి రాతి ముక్కలు బలహీనమైన మట్టిలో ఇరుక్కుని ఉన్న ఆ వాలు కాళ్లను అలలు నిరంతరం తొలుస్తుంటాయి. చలికాలంలో వాన నీరు లోపలికి ఇంకి రాళ్ల మధ్య ఒత్తిడి పెంచుతుంది, వాటిని పట్టి ఉంచే రాపిడి తగ్గుతుంది. అడవిమంట తరువాత అయితే కాలిన నేల పైపొర నీటిని పీల్చుకోక, వాన పడగానే బురద, దుంగలు, బండలు కలిసి వరదగా దిగుతాయి. 2020లో డోలన్ మంట కాల్చిన వాలు మీద 2021 జనవరి చివర వాన కురిసింది. ర్యాట్ క్రీక్ దగ్గర రోడ్డే తెగి సముద్రంలో పడింది.

వాన ఆగింది కాబట్టి భయం లేదనుకోవడం ఇక్కడ చెల్లదు. 2017 మే 20న మడ్ క్రీక్ దగ్గర భారీ కొండచరియ దాదాపు 400 మీటర్ల రోడ్డును పూడ్చి, తీరరేఖనే సముద్రంలోకి ముందుకు జరిపింది. అప్పటికి వానాకాలం ముగిసింది. లోపలికి ఇంకిన నీరు కొండను లోలోపల నానబెడుతూనే ఉంది. ఆ దారి మళ్లీ తెరుచుకున్నది 2018 జులైలో. అదే 2017లో ఫైఫర్ కాన్యన్ వంతెన కూడా దెబ్బతిని కూల్చాల్సి వచ్చింది. తరువాత 2023 జనవరిలో పాల్స్ స్లైడ్ దారిని మూసేసింది. అది 2024 జూన్‌లో తెరుచుకున్నా, ఆలోపే రీజెంట్స్ స్లైడ్ దగ్గర కొండ జారడంతో 2025లో కూడా ఈ చివర నుంచి ఆ చివరకు దారి కలవలేదు. ఇవి అరుదైన దుర్ఘటనలు కావు, ఈ కొండల స్వభావం. కాబట్టి దారి మూసి ఉండటమే సహజమనుకుని ప్రణాళిక వేసుకోవాలి, తెరిచి ఉంటే అది కలిసొచ్చినట్టు.

అందుకు తగిన పద్ధతి బిగ్ సర్‌ను ఒకే గీతగా కాకుండా రెండు ముక్కలుగా చూడటం. ఉత్తరపు ముక్కను కార్మెల్ నుంచి, దక్షిణపు ముక్కను కేంబ్రియా నుంచి చూసి వెనక్కి రావచ్చు. రెండింటినీ కలిపేది కొండలకు అవతల సాలినాస్ లోయలో పోయే 101వ రహదారి. ఆ చుట్టుదారి 200 కిలోమీటర్ల పైమాటే, పైగా వేసవిలో మొదట చెప్పిన పాసో రోబుల్స్ ఎండ అక్కడ కాస్తుంటుంది. తీరానికి పనికొచ్చే చలిజాకెట్‌తో ఆ లోయలో రెండు గంటలు నడిపితే వడదెబ్బే. గాలిని ఆపే పొరా, వెచ్చని పొరా విడివిడిగా ఉండి, విప్పుకునే వీలున్న దుస్తులు, నీళ్లు ఈ యాత్రకు తప్పనిసరి కావడానికి కారణం ఇదే. తీరాన్నీ లోయనూ కలిపే కొండదారులు మధ్యలో లేవా అంటే నాసిమియెంటో-ఫెర్గూసన్ రోడ్డు ఒక్కటే ఉంది. మంటలకూ వానలకూ దెబ్బతిని అది కూడా చాలాకాలం మూతపడింది.

మన తీరం మీద ఇదే లెక్క

అడుగు నీరు పైకొచ్చే వింత కాలిఫోర్నియా సొత్తు కాదు. శాన్ డియేగోలోని నౌకాదళ ప్రయోగశాలలో పనిచేసిన యూజీన్ లఫాండ్ 1950ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, విశాఖ తీరంలో ఇదే ప్రక్రియ జరుగుతోందని కొలిచి చూపించాడు. రుతుపవనాలకు ముందు నెలల్లో నైరుతి గాలి మన తీరం వెంబడి వీస్తుంది. కుడివైపుకు మళ్లిన పైపొర నీరు బంగాళాఖాతంలోకి జరిగిపోతుంది, అడుగు నీరు పైకి వస్తుంది. అయితే మన దగ్గర అలా లేచిన నీరు పొగమంచు పుట్టించేంత చల్లగా ఉండదు. అందుకే మనకు ఉక్కపోత, వాళ్లకు వణుకు. దిశ లెక్క మాత్రం మన దగ్గరా పనిచేస్తుంది. మనం ఎడమవైపు నడుపుతాం, సముద్రం తూర్పున ఉంది. భీమిలి నుంచి విశాఖకు దక్షిణంగా వస్తే సముద్రం పక్క వరస మనది. జనవరిలో ఈశాన్య గాలి కూడా వెనుక నుంచే వీస్తుంది. వేసవిలో నైరుతి గాలి ఎదురవుతుంది కాబట్టి వరస, గాలి రెండూ కలిసిరావు. కొంకణ తీరంలో సముద్రం పడమరన ఉంది, అక్కడ ఉత్తరానికి వెళ్లేవాడిదే సముద్రం పక్క వరస. ఆస్ట్రేలియా గ్రేట్ ఓషన్ రోడ్డు మీద తూర్పు నుంచి పడమరకు వెళ్లేవాడిది. ఏ తీరానికైనా ముందు గాలి ఎటు, సముద్రం పక్క వరస ఎటు అన్న ఈ రెండు ప్రశ్నలూ వేసుకుని, ఆ తరువాతే బసలు వెతకాలి.

కాలిఫోర్నియా వెళ్లే తెలుగు రైడర్లకు నా విజ్ఞప్తి. బస గదుల సొమ్ము కట్టే ముందే నెల, దిశ తేల్చుకోండి. రద్దు చేసుకునే వీలున్న గదులే తీసుకోండి. బయల్దేరే రోజు ఉదయం ఆ రాష్ట్ర రవాణా శాఖ కాల్‌ట్రాన్స్ నడిపే క్విక్‌మ్యాప్‌లో దారి తెరిచి ఉందో లేదో చూడండి. లోపలికి వెళ్లాక చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. కార్మెల్‌లోనే ట్యాంకు నింపుకోండి.